తెర మీదికి రానివ్వని ముప్పై ఏడు పేర్లు

రెండు మాటలు అన్నందుకు, ఇంకో మూడు మాటలు అననందుకు పదమూడేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అన్న మాటలు, "చూపిస్తుంది సార్." అనని మాటలు, "తప్పు నాది సార్." నా భార్యకు ఇది తెలియదు. మా అమ్మకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. మా ఆఫీసులో కుర్రవాళ్ల మధ్య తరచూ ఒక వాదన నడుస్తుంది. ఒక ప్యాకేజీని, అంటే కొన్ని ప్రోగ్రాముల కట్టను, మిషన్‌లోకి ఎక్కిస్తున్నప్పుడు, ఎదురుగా కూర్చున్న మనిషికి తెర మీద ఎంత చూపించాలి? జరిగేదంతా వరసగా చూపించాలని ఒకరంటారు. అంత చూపిస్తే మనిషి బెదిరిపోతాడు, "పని జరుగుతోంది" అని ఒక్క గీత చాలని ఇంకొకరు. చివరికి అందరూ నా వైపు చూస్తారు. నేను ప్రతిసారీ ఒకటే చెబుతాను. ఎన్ని వచ్చాయి, ఎన్ని ఎక్కాయి, ఎన్ని మిగిలాయి, మిగిలినవి ఏవి, ఇవి మాత్రం దాచొద్దు. వెనక నుంచి ఎవడో "సారుకు మళ్లీ చాదస్తం మొదలైంది" అంటాడు. నేనూ నవ్వుతాను. వాళ్లు దాన్ని అనుభవం అనుకుంటున్నారు. అది భయం. ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

తొంభైల నడుమ నిజామాబాద్‌లో బస్టాండు దగ్గరి గల్లీలో, మేడ మీద, ఒక కంప్యూటర్ నేర్పే సంస్థ ఉండేది. పొద్దున పాఠాలు చెప్పేవాణ్ణి, మధ్యాహ్నం ప్రోగ్రాములు రాసేవాణ్ణి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. బోధన్ దాటి రుద్రూర్ వైపు పోతే ఒక చిన్న చక్కెర మిల్లు ఉండేది. పేరు చెప్పను, ఇప్పుడది లేదు. ఆ మిల్లుకు చెరకు రైతుల జాబితా చూసుకునే ప్యాకేజీ రాసిచ్చే పని మాకు దొరికింది. రాసింది నేనే.

చెరకు గురించి తెలియని వాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. రైతు ఎప్పుడంటే అప్పుడు కోసి మిల్లుకు తోలుకురాలేడు. తోట వయసును బట్టి వరస ఉంటుంది. వరస వచ్చినప్పుడు మిల్లు పర్మిట్ ఇస్తుంది. ఆ చిట్టీ లేకుండా బండి గేటు దాటదు. చెరకేమో ఆగదు. పక్వానికి వచ్చాక కోయకపోతే పూత వేస్తుంది, లోపల బెండు పడుతుంది, బరువు పోతుంది. అంటే జాబితాలో పేరు లేని రైతు పొలం గట్టు మీద కూర్చుని తన తోట ఎండిపోవడం చూడాల్సిందే.

ఆ జాబితాను మిషన్‌లో చూసుకునేది మార్తక్క. అసలు పేరు మార్తమ్మ, నలభై దాటిన మనిషి. వాళ్లమ్మ చెరకు కోతకు పోయిన కూలి. మెథడిస్టు మిషన్ బడిలో చదివి, టైపు నేర్చుకుని, ఆ ఇంట్లో ఆఫీసు కుర్చీలో కూర్చున్న మొదటి మనిషి మార్తక్కే. మిల్లులోకి కంప్యూటర్ వచ్చినప్పుడు టైపు తెలుసని ఆమెను దాని ముందు కూర్చోబెట్టారు. ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేది. మొదటి రోజు మిషన్ ఆన్ చేసే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేయడం నేను చూశాను. ఆదివారం చర్చిలో ఆడవాళ్లంతా "మార్త కంప్యూటర్ నడుపుతదట" అనుకుంటుంటే ఆమెకు ఎంత సంబరమో, దాచుకోవడం కూడా రాకపోయేది.

ఆమెకు ఒక అలవాటు. మిషన్ ఏం చెబితే అది నోటుబుక్కులో రాసుకునేది. ఏ వరస ముఖ్యమో ఏది కాదో ఎవరూ చెప్పలేదు కాబట్టి అన్నీ రాసేది. నా ప్యాకేజీని ఫ్లాపీల నుంచి ఎక్కించేటప్పుడు తెర మీద ఫైళ్ల పేర్లు, తోటల నెంబర్లు జలజలా దిగిపోతుంటే, పాజ్ బటన్ నొక్కి నొక్కి రాసేది. అర్థం కాని వరస వస్తే ఫోన్. "తమ్మీ, గిది ఉన్నదాని మీద రాయమంటవా అని అడుగుతున్నది. రాసినదాని మీద మళ్ల రాసుడేంది, పాడైతది గద? వద్దన్న." ఆమె వద్దన్నది కాబట్టి పని ఆగిపోయేది. నేను బస్సెక్కి బోధన్‌కు, అక్కడి నుంచి మిల్లుకు పోవాల్సి వచ్చేది.

ఆ ఫోన్ మా క్లాసు గదిలోనే ఉండేది. అది మోగితే చాలు, వెనక బెంచీ నుంచి "సార్, చెరుకక్క!" అని ఒక కేక, గదంతా నవ్వు. మా యజమాని కూడా మూతి బిగబట్టి నవ్వేవాడు. ఇప్పుడు తలుచుకుంటే అది ఎంత చిన్న సంగతి! అప్పుడు మాత్రం చెవులు కాలిపోయేవి. నేను పెద్ద పని చేస్తున్నాననే గర్వం నాకు. ఆ గర్వానికి ఆమె ఫోన్లు అడ్డొచ్చేవి.

రెండో ఏడు దసరాకు ముందు, ప్యాకేజీని కొంత మార్చి కొత్తది తయారు చేశాను. అప్పుడే అనుకున్నాను, ఈసారి తెర మీద ఏమీ రానివ్వకూడదని. పేర్లు లేవు, నెంబర్లు లేవు, ప్రశ్నలు లేవు. ఒక గీత, దాని పక్కన పది, ఇరవై, ముప్పై, అట్లా వంద దాకా. చివర "పూర్తయింది." ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ అంకెలకూ లోపల జరిగే పనికీ ఏ సంబంధం లేదు. పని ఎన్ని నిమిషాలు పడుతుందో ఉజ్జాయింపుగా చూసుకుని, ఆ నిమిషాలను పది ముక్కలు చేశాను. అంతే. లోపల ఏది ఎక్కినా, ఎక్కకపోయినా అది వంద చూపించి తీరుతుంది.

ఎందుకు చేశాను? ఆమె బెదరకూడదని చేశానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది కూడా. ఆ వరసలు చూసి ఆమె బెదిరిపోవడం నేను కళ్లారా చూశాను, జాలిపడ్డాను. కానీ జాలి ఒక్కటే అయితే, ఏ వరసను పట్టించుకోవాలో పక్కన కూర్చుని అరగంటలో నేర్పి ఉండేవాణ్ణి కదా? నేర్పలేదు. నా ఫోన్ మోగకుండా ఉండాలి, అదే నాకు కావలసింది.

"వంద వచ్చిందంటే అయిపోయినట్టే అక్కా. ఇగ నువ్వేం రాసుకోకు" అన్నాను ఫ్లాపీలు చేతికిస్తూ. "నిజంగనా తమ్మీ?" అని ఆమె మొహం వెలిగిపోయింది. ఆ తర్వాత ఫోన్ రాలేదు. నెలలు గడిచాయి, ఒక్క ఫోన్ రాలేదు. ఎంత మంచి పని చేశానో అనుకున్నాను.

లోపల జరిగింది ఇది. చెరకు నాటిన మొదటి ఏడు కోశాక, ఆ మోడు నుంచే రెండో ఏడు మళ్లీ తోట లేస్తుంది. దాన్ని ఎవరూ కొత్తగా నాటరు. అయినా ఊళ్లు తిరిగి తోటల వివరాలు రాసుకొచ్చే మిల్లు ఫీల్డ్‌మన్‌లు చాలామంది తమ చీటీల్లో నాటిన తేదీ అన్న చోట, కిందటేడు కోసిన తేదీ వేసి పంపేవారు. ఒక్క రుద్రూర్ వైపు ఫీల్డ్‌మన్ మాత్రం ఆ గడి ఖాళీగా వదిలి, కింద "మోడు తోట" అని రాసి, కోసిన తేదీ వేసేవాడు. మార్తక్క కూడా అట్లాగే ఎక్కించింది. ఆమెకు అదే సబబు అనిపించింది. నాటని తోటకు నాటిన తేదీ వేయడం ఆమె దృష్టిలో అబద్ధం రాయడమే.

నా పాత ప్యాకేజీ దానికి అభ్యంతరం చెప్పలేదు. కొత్తది పాత జాబితాను తనలోకి తీసుకునేటప్పుడు, నాటిన తేదీ లేని పేరును తీసుకోదు, వదిలేస్తుంది. అట్లా వదిలేస్తే "ఫలానా పేరు వదిలేశాను" అని ఒక వరస చూపించాలని మొదట నేనే రాశాను. తర్వాత వరసలన్నింటినీ మూసేసినప్పుడు దాన్నీ మూసేశాను. ముప్పై ఏడు తోటలు. ఆ పేర్లన్నీ బయట ఉండిపోతుంటే, తెర మీద పది, ఇరవై, ముప్పై అంటూ గీత సాగిపోయింది.

మోడు తోట ముందు పండుతుంది, ముందు కోయాలి. సీజన్ మొదలై నెల దాటినా ఆ ముప్పై ఏడు మందికి పర్మిట్ రాలేదు. వాళ్లలో పోశెట్టి అని ఒక పెద్దమనిషి రోజూ పొద్దున్నే మిల్లుకు వచ్చి, మార్తక్క కిటికీ దగ్గర నిలబడేవాడట. "నా పేరు ఎటు వోయింది బిడ్డా, జర మంచిగ సూడు" అనేవాడట. ఆమె చూసేది. మిషన్‌లో పేరు ఉండేది కాదు. రేపు వస్తదేమో అని పంపించేది. ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పలేదు. వంద వచ్చింది కదా, మిషన్ తప్పు చేయదు కదా! నేను ఆమెను అంత బాగా నమ్మించాను.

జనవరి నెలాఖరులో ఆ రైతులంతా కలిసి ఫీల్డ్‌మన్‌ను వెంటబెట్టుకుని మేనేజర్ గదికి వచ్చారు. చీటీల నకళ్లు ఫీల్డ్‌మన్ దగ్గర భద్రంగా ఉన్నాయి. నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి గది నిండా మనుషులు. మేనేజర్ బల్ల మీద ఆ నకళ్లు పరిచి ఉన్నాయి. పైనున్న దాని మీద "మోడు తోట" అన్న మాట, ఆ పైన ఖాళీ గడి కనబడ్డాయి. అప్పుడే నాకు అంతా తెలిసిపోయింది. ఒక్క క్షణం పట్టలేదు. దయచేసి ఇది గుర్తుంచుకోండి. తెలియక అన్నానని నేను తప్పించుకోలేను.

మేనేజర్ చెడ్డవాడు కాదు. గొంతు పెంచలేదు.

"మార్తమ్మా, గీ పేర్లు నువ్వు ఎక్కించినవా లేదా?"

"ఎక్కించిన సార్. దేవుని ముంగట చెప్తున్న, అన్నీ ఎక్కించిన."

"మరి యాడవోయినయ్?"

ఆమె చేతిలో ఆ నోటుబుక్కు ఉంది. రాసుకోవద్దని నేను చెప్పినా ఆమె మానలేదు. బల్ల మీద పెట్టి తెరిచింది. "దసరా ముంగట కొత్త ప్యాకేజీ ఎక్కినప్పుడు మిషన్ చెప్పినయన్ని రాసుకున్న సార్. సూడుండ్రి. పది. ఇరవై. ముప్పై…"

వేలు పెట్టి చూపిస్తూ చదివింది. పెన్సిల్‌తో, ఒక దాని కింద ఒకటి, గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. పక్కన గడియారం చూసి వేసిన టైము. నేను ఉత్తుత్తిగా పుట్టించిన ఆ పది అంకెలను ఆమె అంత శ్రద్ధగా రాసిపెట్టుకుంది.

"వంద. పూర్తయింది. గంతే సార్. ఇంకేం చెప్పలే. చెప్తే రాసుకోకపోదునా?"

మేనేజర్ నా వైపు తిరిగాడు. "ఏం బాబూ, పేర్లు ఎక్కకపోతే మిషన్ చూపిస్తదా?"

"చూపిస్తుంది సార్."

మా ఇంట్లో నేను మాట్లాడే మాట తీరు అది కాదు. కంప్యూటర్ సారునని చూపించుకోవడానికి వాడే మాట తీరు అది. తడబడలేదు కూడా.

"అయితే లెక్క తేలె. మిషన్ చూపిస్తది. ఈమె అన్నీ రాసుకుంటది. బుక్కుల ఏం లేదు. అంటే మిషన్‌ల పడనే లేదు పేర్లు, ఈమె ఎక్కియ్యనే లేదు." మేనేజర్ నోటుబుక్కు మూసి పక్కకు జరిపాడు.

మార్తక్క మేనేజర్‌ను చూడలేదు. నన్ను చూసింది. "తమ్మీ, వంద వస్తె అయిపోయినట్టే అని నువ్వే గదా అన్నవు?"

"అవునక్కా. ఎక్కించినయైతే అయిపోయినట్టే."

ఎట్లా అన్నాను ఆ మాట? ఎవరైనా నన్ను బెదిరించారా? లేదు. నా ఉద్యోగం పోతుందా? బహుశా పోయేది కాదు. యజమాని నాలుగు తిట్టేవాడు, వెనక బెంచీ ఇంకాస్త నవ్వేది. ఆ నవ్వుకు భయపడి ఒక మనిషి నిజాయితీని తీసుకుపోయి ఆమె మీదే సాక్ష్యంగా నిలబెట్టాను. ఆమె బద్ధకస్తురాలై, ఏమీ రాసుకోకుండా ఉండి ఉంటే, "ఏమో సార్, చూపించిందేమో, నేనే చూడలేదు" అనేది, తప్పు సగమైనా మిషన్ మీదికి పోయేది. అన్నీ రాసుకున్నందుకు దొరికిపోయింది.

కొత్త ప్యాకేజీ ఎక్కకముందరి జాబితా ఉన్న ఫ్లాపీ అప్పుడు నా సంచిలోనే ఉంది. అందులో ఆ ముప్పై ఏడు పేర్లూ ఉన్నాయి, తోటలు కోసిన తేదీలతో సహా, కొత్త సీజన్‌కని ఆమె ముందుగానే ఎక్కించి నాకు ఇచ్చినవి. తీసి బల్ల మీద పెడితే చాలు. పెట్టలేదు. ఆ రోజంతా ఆమె కుర్చీలో కూర్చుని, చీటీలు చూసి కొత్తగా టైపు చేస్తున్నట్టు నటిస్తూ, ఆ ఫ్లాపీలో నుంచే పేర్లు తీసి, నాటిన తేదీ గడిలో కోసిన తేదీ వేసి ఎక్కించాను. మేనేజర్ టీ తెప్పించాడు. "పుణ్యం కట్టుకున్నవు బాబూ" అన్నాడు పోశెట్టి. నా చేతులు పట్టుకుని మరీ అన్నాడు.

మరునాడు నిజామాబాద్‌లో ఆ ఫ్లాపీని పూర్తిగా తుడిచేశాను. తుడుస్తున్నప్పుడు కూడా మిషన్ ఎంత శాతం అయిందో చూపిస్తుంది. ఆ అంకెలు నేను రాసినవి కావు, అవి నిజం చెబుతాయి. వంద దాకా చూస్తూ కూర్చున్నాను.

తోటలు కొన్ని కోశారు, ఆలస్యంగా. పోశెట్టి చెరకు సగం బెండు పడింది, కొంత బెల్లం గానుగకు తోలాడని విన్నాను. మార్తక్కను కంప్యూటర్ గదిలో నుంచి తీసేసి, కాంటా దగ్గర బండ్లకు చిట్టీలు ఇచ్చే పనిలో వేశారు. ఎండలో, దుమ్ములో నిలబడే పని. అదీ కాదు ఆమెకు తగిలింది. ఆ రైతుల్లో కొందరు ఆమె చర్చివాళ్లే. "మా పేర్లు మింగింది" అన్నారట. చర్చిలో ఆమె పక్కన కూర్చోవడం మానేశారట. మరో ఏడాదికి ఆమే మిల్లు మానేసింది. నేనూ హైదరాబాద్ వెళ్లిపోయాను.

మూడేళ్ల కింద ఒక పెళ్లికి బోధన్ వెళ్లాను. బజారులో వెనక నుంచి "తమ్మీ" అని పిలుపు. తల నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి, గొంతు అదే. రోడ్డు పక్కన చిన్న గదిలో కుట్టుమిషన్ పెట్టుకుంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది, టీ తెప్పించింది, పిల్లలెందరని అడిగింది. నా మీద కోపం ఉంటుందనుకున్నాను. లేదు. కోపం ఉంటే నేను ఇప్పుడు ఇది రాసేవాణ్ణి కానేమో. టీ తాగుతుంటే, చేతిలోని గుడ్డ మడత పెడుతూ, నెమ్మదిగా అడిగింది.

"తమ్మీ, నేను నిజంగనే ఎక్కియ్యలేదా? ఎక్కించిన అనే యాదికున్నది. కని ఇన్నేండ్లాయె, గంతమంది అన్నరు, ఇప్పుడు నాకే అనుమానమొస్తున్నది."

ఆమె కుర్చీ పోయిందని, పేరు పోయిందని నాకు తెలుసు. ఆమె జ్ఞాపకాన్ని కూడా నేను తీసుకున్నానని ఆ రోజే తెలిసింది. అప్పుడైనా చెప్పాలి కదా? ఎదురుగా కూర్చుని, ఆమె ఇచ్చిన టీ చేతిలో పట్టుకుని, "ఎప్పటి ముచ్చటనో అక్కా, ఇడిసిపెట్టు" అన్నాను. కప్పు కింద పెట్టి వచ్చేశాను. బస్సులో నిజామాబాద్ వచ్చేదాకా ఏడ్చాను. ఏడిస్తే ఏమొస్తుంది?

మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు. క్షమించడం మీ చేతిలో లేదు. ఆమె చేతిలో ఉంది, ఆమెను అడిగే ధైర్యం నాకు వస్తుందో రాదో ఇంకా తెలియదు. ఇది ఎక్కడైనా ఆమె కంట పడితే బాగుండునని ఒక ఆశ, పడితే ఎట్లా అని ఒక భయం. రెండూ ఉన్నాయి. కానీ రాస్తున్న కొద్దీ ఆ బరువు కొంచెం తగ్గుతోంది, అది మాత్రం నిజం. ఆఫీసులో కుర్రవాళ్లకు ఇన్నేళ్లుగా చెబుతున్న మాటను ఇవాళ నేను చేసి చూపించాలి. ఆ దసరాకు ముందు తెర మీదికి రావలసిన వరస ఇది. పదమూడేళ్లు ఆలస్యంగా ఇక్కడ రాస్తున్నాను.

ముప్పై ఏడు పేర్లు వదిలేశాను. మొదటిది పోశెట్టిది. అవి పాత జాబితాలో ఉన్నాయి, తీసుకోనిది నేను రాసిన కొత్త ప్యాకేజీ.

అక్కా, నువ్వు ఎక్కించినవ్. అన్నీ ఎక్కించినవ్.